సీతారామలక్ష్మి గారి లేసు

"నీ పువ్వు నువ్వొకసారి చూసుకోవే దుర్గా. దోమతెర నయం. దాంట్లోంచి చీమ కాదు, పిల్లి దూరిపోద్ది."

"నా పువ్వు సంగతెందుకు పెద్దమ్మా, నీది చూడు. బిగించి బిగించి రాయి చేసేశావు. బల్ల మీద పరిత్తే గిన్నె ఒరిగిపోద్ది."

"నీ పుటక ముందు నుంచీ అల్లుతన్నాను. ఇయ్యాళ దాకా నా పువ్వుకి ఒక్కళ్ళు వంక పెట్టలేదు."

"పెట్టినా నీకినపడాలి కదా."

"దుర్గమ్మగారూ, పెద్దావిడతో ఏంటండీ ఆ మాటలు. అతికింది నేనండి. అనేదేదో నన్నే అనెయ్యండి, అయిపోద్ది."

"నిన్నంటే ఏమొత్తాది సువార్తమ్మా. గుడ్డ తిరిగొచ్చేసింది. ఎవరిదో ఒకరిది తప్పుండాలా వద్దా?"

అరుగు మీద ఈ గొడవ జరుగుతుంటే వెనక గదిలో సీతారామలక్ష్మి సూది పట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మధ్యలో హాలు, వంటిల్లు ఉన్నాయి గానీ పెద్దావిడ రత్తమ్మ గొంతుకి అవేమీ అడ్డం కాదు. పొద్దుటి నుంచి సీతారామలక్ష్మి అల్లింది అర పువ్వు. మిగతా సగం ఆగిపోవడానికి కారణం దారం కాదు, కళ్ళూ కాదు. ఆ ముగ్గురికీ ఆమె ఒక మాట చెప్పాలి. రేపటి నుంచి మీరెవరూ మా అరుగు మీదికి రావద్దు అని. చెప్పమని మొగుడు వీరభద్రం పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెడుతూ అన్నాడు. "నువ్వు చెప్తేనే బావుంటది. ఆడోళ్ళ మాట ఆడోళ్ళే చెప్పుకోవాలి," అని కూడా అని, రైసుమిల్లు దగ్గరికి పోయాడు.

ఆ మాట ఆమెకి నోటి దాకా రావడం లేదు. ఎందుకు రావడం లేదో తెలియాలంటే ముందు ఆ అరుగు సంగతి తెలియాలి.

నరసాపురం నుంచి మొగల్తూరు పోయే దారిలో ఉంది ఆ ఊరు. ఆ వీధిలో ఆడవాళ్ళు బజారుకి పోరు. కూరలు బండి మీద వస్తాయి, చీరలు మూటలో వస్తాయి, గాజులు గంపలో వస్తాయి. వెనకటికి సినిమాకి పోవాలంటే రిక్షా చుట్టూ దుప్పటి కట్టించుకుని సెకండ్ షోకి పోయేవారు. తరవాత రిక్షాలు పోయి ఆటోలు వచ్చాయి. వాటితో పాటే ఇళ్ళల్లోకి టీవీలూ వచ్చాయి కాబట్టి దుప్పటీ పోయింది, సినిమాకి పోవడమూ పోయింది. దీన్నంతటినీ కలిపి ఆ వీధిలో పరువు అంటారు. పరువు మగవాళ్ళది, దానికి కాపలా ఆడవాళ్ళది.

పదహారో ఏట సీతారామలక్ష్మి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఇప్పుడు నలభై దాటింది. ఒక్కతే కూతురు, తణుకులో కాపురం చేసుకుంటోంది. ఇన్నేళ్ళలో సీతారామలక్ష్మి ఆ ఊరి పోస్టాఫీసు ఎలా ఉంటుందో చూడలేదు. ఆమె చేతి మీదుగా పోయిన లేసు మాత్రం జర్మనీ చూసింది.

మధ్యాహ్నం గిన్నెలు సర్దాక అరుగు మీద చాప పడేది. రత్తమ్మ వచ్చేది, నాలుగిళ్ళ అవతలి నుంచి. వరసకి వదిన, వయసుకి అత్త. వెంకటదుర్గ వచ్చేది. పెళ్ళయి రెండేళ్ళయినా ఇంకా పుట్టింటి కబుర్లు తగ్గని పిల్ల. పేట నుంచి సువార్తమ్మ వచ్చేది. ఆవిడ అరుగు ఎక్కదు, మెట్టు మీద కూర్చుంటుంది. ఎక్కమని వీళ్ళు అనరు, ఆవిడ అడగదు. దారం ఉండ మాత్రం ఏ అడ్డూ లేకుండా అరుగుకీ మెట్టుకీ మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో లేసు పని అంతా ఇలాగే నడుస్తుంది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఒకరు అంచులు అల్లుతారు, ఒకరు అన్నిటినీ కలిపి అతుకుతారు. అందుకని చేతిపని అనీ అతుకుపని అనీ పేర్లు. వీళ్ళలో రత్తమ్మా దుర్గా పువ్వులు, సీతారామలక్ష్మి మధ్య చక్రమూ అంచూ, సువార్తమ్మ అతుకు. ఒక గుడ్డని ఒక్కరే మొదలుపెట్టి ఒక్కరే ముగించడం అక్కడ ఎవరూ ఎరగరు. పెళ్ళివంట ఒక్కరే వండారంటే ఎంత వింతో ఇదీ అంతే.

ఇంకో సంగతి. ఏజెంటు మోపెడ్ మీద దారం తెచ్చి ఏ అరుగు మీద దింపుతాడో, తయారైన లేసుకి ఆ ఇల్లాలి పేరే ఉంటుంది. సీతారామలక్ష్మి గారి లేసు, ఫలానా ఆవిడ లేసు అనే నరసాపురం దుకాణాల్లో కూడా చెప్పుకుంటారు. దాంట్లో ఎన్ని చేతులు పడ్డాయని అడిగినవాడు లేడు. అడగడానికేముంది, అందరికీ తెలిసిందే.

వీరభద్రం మాత్రం అది పని అని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎకరన్నర పొలం రొయ్యల చెరువుకి లీజుకిచ్చి, పొద్దస్తమానం రైసుమిల్లు బెంచీ మీద కూర్చునే మనిషి. "మా ఇంట్లో ఆడోళ్ళు పని చెయ్యరండి, ఏదో ఊసుపోక అల్లుకుంటారు," అనేవాడు. ఆ ఊసుపోని అల్లికతోనే ఇంట్లోకి ఉప్పూ పప్పూ వస్తున్నాయని తెలిసే అనేవాడు. చెడ్డవాడు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తడం కూడా తక్కువే. ఏ తలుపైనా మెత్తగానే మూస్తాడు.

అలా జరిగిపోతున్న అరుగు మీదికి ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. వీరభద్రం అక్క కొడుకు. భీమవరంలో ఇంజనీరింగు రెండో ఏడు మధ్యలో వదిలేశాడు. ఎందుకు వదిలేశావురా అంటే, "కూచోలేక," అనేవాడు. కూచోలేని మనిషి నరసాపురం బస్టాండు ఎదురుగా మేడ మీద మూడు కంప్యూటర్లు పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా వాటి ముందు కూర్చునేవాడు. రెండువేల రెండులో అదొక పిచ్చి. ఆ పిచ్చిలోనే హైదరాబాదులో ఒక కంపెనీ సంగతి పట్టాడు. ఊళ్ళల్లో చిన్న చిన్న చేతిపనుల వాళ్ళ సరుకు ఇంటర్నెట్లో పెట్టి, మధ్యలో ఎవరూ లేకుండా పై దేశాల వాళ్ళకి అమ్మిపెడతారట.

"అత్తా, మీ లేసు ఇక్కడ కొన్నవాడు మద్రాసులో అమ్ముతాడు. మద్రాసువాడు జర్మనీవాడికి అమ్ముతాడు. వీళ్ళందరూ బాగుపడ్డారు. మీరు నలుగురూ ఇదే చాప మీద ఉన్నారు," అన్నాడు.

"చాపకేమైందిరా, బానే ఉంది," అంది రత్తమ్మ.

"ఇంటర్నెట్టంటే ఏంటండీ భాస్కర్‌గారూ, టీవీలో వత్తాదాండీ?" అంది సువార్తమ్మ.

"టీవీ లాంటిదే. కాకపోతే అవతలోడు మనల్ని చూస్తాడు."

"అయితే మీ మావయ్యగారు ఒప్పుకోరు," అని దుర్గ నవ్వింది.

దుర్గ అన్నట్టే అయింది. పేజీలో ఫొటో కావాలి, అల్లే మనిషిది. మొహం ఫొటో కుదరదన్నాడు వీరభద్రం. భాస్కర్ రెండు రోజులు మావయ్య చుట్టూ తిరిగి చివరికి చేతుల దాకా ఒప్పించాడు. సీతారామలక్ష్మి ఆకుపచ్చ గాజుల చేతులు, వేళ్ళ మధ్య సూది, కింద సగం అల్లిన చక్రం. ఫొటో బాగా వచ్చింది. "చేతులకి పరువుండదు కాబోలు," అంది రత్తమ్మ, వీరభద్రం లోపలికి పోయాక.

ఫొటో తరవాత ఫారం. దాంట్లో ఒకచోట ఇది ఎవరి చేతిపని అని ఉంది. భాస్కర్ పెన్ను పట్టుకుని అరుగు మీదే అడిగాడు, "ఎవరిదని రాయమంటారు?" నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడగాల్సిన ప్రశ్నలా లేదు అది. "సీతారామలక్ష్మి గారిదేనండి," అని ముందు అన్నది సువార్తమ్మ. రత్తమ్మ కూడా అంతే అంది. ఎవరి అరుగు మీద దారం దిగితే వాళ్ళది. భాస్కర్ అదే రాశాడు. అదే ఊళ్ళో పుట్టి, అదే లేసు ఆరేసిన మంచాల కింద ఆడుకున్నవాడు, వాడికి మాత్రం ఇంకోలా ఎందుకు తోస్తుంది. కింద సంతకం వీరభద్రం పెట్టాడు.

ఆ ఒక్క పేరుని పై దేశాల్లో చదివినవాళ్ళకి మాత్రం ఒక్క మనిషి కనిపించింది. ఏదో సముద్రం ఒడ్డు పల్లెలో ఒంటరిగా కూర్చుని, మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా తానే అల్లే సీత.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆర్డర్లు వచ్చాయి. వచ్చింది నలుగురూ పంచుకున్నారు, ఇదివరకటి కన్నా ఎక్కువే. ఫిర్యాదులూ వచ్చాయి. ఒకావిడ గుడ్డ కొబ్బరినూనె వాసన వేస్తోందని రాసింది. దాంతో రత్తమ్మ చాప మీద కూర్చునే ముందు తల చుట్టూ తువ్వాలు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకాయన అంచు మీద పసుపు మరక ఉందన్నాడు. ఆనాటి నుంచి శుక్రవారాలు లేసు మానేశారు. ఇవన్నీ అరుగు మీద నవ్వుకోవడానికి పనికొచ్చాయి.

మారింది వీరభద్రం. భాస్కర్ ఇచ్చిన పేజీకి ప్లాస్టిక్ వేయించి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. రైసుమిల్లులో, సొసైటీలో, చివరికి మంగలి షాపులో కూడా అది బయటికి తీసేవాడు. మా ఇంట్లో ఆడోళ్ళు పని చెయ్యరు అన్న నోటితోనే, "మా ఆవిడ చేతులండి, లండన్లో చూత్తన్నారు," అన్నాడు. పని అనే మాట మాత్రం ఇప్పటికీ అనడు. "పని కాదురా, కళ," అని భాస్కర్‌ని సరిదిద్దేవాడు.

కళ కాబట్టి చేతులు జాగ్రత్త. అంట్లు తోమడం మాన్పించాడు, దానికి మనిషిని పెట్టాడు. రుబ్బురోలు పక్కకి తోయించి మిక్సీ తెచ్చాడు. రాత్రిళ్ళు రాసుకోమని క్రీమ్ డబ్బా తెచ్చాడు. పది రోజులు సీతారామలక్ష్మికి బానే ఉంది. ఆ తరవాత ఏదో ఇబ్బంది మొదలైంది. నూతి దగ్గర బకెట్టు పట్టుకుంటే వెనక నుంచి, "చేతులే," అని వినపడేది. మల్లెమొక్కకి మట్టి ఎగదోస్తుంటే, "చేతులే". ఆ చేతులు తనవి కావన్నట్టు, ఎవరో దాచుకోమని ఇచ్చి పోయినట్టు ఉండేది.

తరవాత గది వచ్చింది. ఇంటి వెనక కొబ్బరికాయలు పోసుకునే గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, సున్నం వేయించి, ట్యూబులైటు, ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీ పెట్టించాడు. "దుమ్ములో, ఆ గోలలో ఎందుకే నీకు. ప్రశాంతంగా ఉంటది," అన్నాడు. సున్నం వేసినా పాత కొబ్బరి ముక్కిన వాసన పోలేదు. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది. సీతారామలక్ష్మి పొద్దున పూట ఆ గదిలో కూర్చుని, మధ్యాహ్నం కాగానే సూది కొప్పులో గుచ్చుకుని అరుగు మీదికి వచ్చేసేది.

ఇలా ఉండగా గుడ్డ తిరిగొచ్చింది. ఇంగ్లండులో ఒకావిడ పెద్ద బల్ల మీదికి చేయించుకుంది. ఆవిడ కూడా అల్లే మనిషేనట, భూతద్దం పెట్టి చూసిందట. ఒక మూల పువ్వులు వదులు, ఒక మూల బిగుతు. ఇది ఒక చెయ్యి కాదు, నేను సీత చేతికి ఆర్డరిచ్చాను, నాకు ఆ చెయ్యే కావాలి అంది. కంపెనీవాళ్ళు ఆవిడకి క్షమాపణ చెప్పి, ఇక నుంచి ప్రతి గుడ్డా పూర్తిగా సీతారామలక్ష్మే అల్లాలనీ, అల్లుతున్నట్టు వారం వారం చేతుల ఫొటోలు పంపాలనీ కబురు పెట్టారు.

"ఉన్నమాట రాసెయ్యరా. మేం నలుగురం అని," అంది సీతారామలక్ష్మి.

భాస్కర్ రాశాడు. కంపెనీ ఆవిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడింది. నలుగురు అని ఇప్పుడు చెబితే ఇంతకు ముందు కొన్నవాళ్ళందరూ మోసమంటారు. పైగా గుంపులు మా దగ్గర చాలా ఉన్నాయి, గుంపుని ఎవరూ కొనరు, మనిషిని కొంటారు అంది. భాస్కర్ ఆ మాటని అలాగే తెచ్చి అత్త ముందు పెట్టాడు. వాడికి తియ్యగా చెప్పడం రాదు.

"మనిషిని కొంటారా?" అంది సీతారామలక్ష్మి.

"అలాగే అందత్తా."

పక్కనే ఉన్న వీరభద్రం, "అదేం మాటరా, కళని కొంటారు," అన్నాడు. ఆ సాయంత్రమే నిర్ణయం చేసుకున్నాడు. పొద్దున్నే కాఫీ దగ్గర పెళ్ళానికి చెప్పాడు.

అందుకే ఆ మధ్యాహ్నం అరుగు మీద గొడవ, లోపల అర పువ్వు.

గొడవ ఇంకా సాగుతోంది. సీతారామలక్ష్మి సూది కొప్పులో గుచ్చుకుని లేచి బయటికి వచ్చింది. ఆమెని చూడగానే ముగ్గురూ మాట ఆపారు. వచ్చి చాప మీద తన చోట్లో కూర్చుంది. తిరిగొచ్చిన గుడ్డ మధ్యలో పరిచి ఉంది.

"ఏమే సీతా, లోపలేం చేత్తన్నావు ఇంతసేపు?" అంది రత్తమ్మ.

"ఏం లేదొదినా. తలనొప్పి."

"కాఫీ పెట్టనా అక్కా?" అంది దుర్గ.

"వద్దులే, కూచో."

చెప్పాల్సిన మాట చెప్పలేదు. దుర్గ అల్లిన పువ్వొకటి ఒళ్ళోకి తీసుకుని దారం లాగి చూసింది. నిజంగానే వదులు. దుర్గ మాట్లాడుతూ అల్లుతుంది, నవ్వు వచ్చినప్పుడల్లా చెయ్యి వదులవుతుంది. పువ్వు చూసి ఎక్కడ నవ్విందో చెప్పొచ్చు. నలుగురూ కాసేపు ఏదో మాట్లాడుకున్నారు, గుడ్డ సంగతి తప్ప. రత్తమ్మ కోడలు నెల తప్పిందట. అది విని సువార్తమ్మ మెట్టు మీద నుంచే ప్రార్థన చేసింది. రత్తమ్మ, "మా కోడలికి మీ ప్రభువు పని చేత్తాడంటావా?" అంటే, "ఆయనకి వీధులు తెలవ్వండి," అంది. దుర్గ పగలబడి నవ్వింది. సీతారామలక్ష్మి కూడా నవ్వింది.

అప్పుడే వీరభద్రం వచ్చాడు. పెళ్ళాం మొహం చూశాడు, చెప్పలేదని తెలిసిపోయింది. చెప్పులు విడిచి, మెత్తగా, "రత్తమ్మొదినా, ఇక మీకు శ్రమ ఉండదులే. రేపట్నుంచి పనంతా మా ఆవిడే లోపల చూసుకుంటది. కంపెనీవోళ్ళు అలా రాశారు. మీరంతా హాయిగా మీ ఇళ్ళకాడ ఉండొచ్చు," అన్నాడు.

రత్తమ్మ తల మీది తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకుంది. "అలాగేలే బాబూ," అంది. దుర్గ సీతారామలక్ష్మి వంక చూసింది. సీతారామలక్ష్మి గుడ్డ వంక చూస్తోంది. సువార్తమ్మ చేతిలో మిగిలిన దారాన్ని ఉండకి చుట్టి అరుగు అంచున పెట్టి, "వత్తానండమ్మగారూ," అని లేచింది.

ఆ వారంలోనే అరుగుకి ఇనప గ్రిల్లు పడింది. సరుకు భద్రం కోసం అన్నాడు వీరభద్రం. వెల్డింగువాడు రోజంతా నిప్పురవ్వలు రేపి, ఆకుపచ్చ రంగు వేసి పోయాడు.

ఏజెంటు రత్తమ్మ అరుగు మీద దారం దింపడం మొదలుపెట్టాడు. ముగ్గురూ అక్కడ కూర్చుంటున్నారు. నాలుగిళ్ళ దూరం. మధ్యాహ్నం వీధి మాటుమణిగితే వాళ్ళ మాటలు వినపడవు గానీ నవ్వు వినపడుతుంది. ఒకరోజు సీతారామలక్ష్మి చీర మార్చుకుని, కాసేపు రత్తమ్మొదిన దగ్గర కూర్చుని వస్తానంది. వీరభద్రం వద్దనలేదు. "వెళ్ళు. ఫొటోకి ఈ వారం గుడ్డ ఎంతవరకొచ్చిందో చూసుకుని వెళ్ళు," అన్నాడు. ఆమె చూసుకుంది. గుడ్డ ఎంతవరకో రాలేదు. నలుగురు చేసే పని ఒకరు చేస్తుంటే ఎక్కడికొస్తుంది. మళ్ళీ చీర మార్చుకుని గదిలోకి పోయింది.

ఆ గదిలో కూర్చునే ఆమె ఒక ఉపాయం పట్టింది. గుడ్డ పాడుచేయాలి. కావాలని దుర్గలాగా అల్లింది, అంతకన్నా వదులుగా. ఒక చోట రత్తమ్మలాగా రాయిలా బిగించింది. ఒక మూలకీ ఇంకో మూలకీ పొంతన లేకుండా చేసింది. ఇంగ్లండావిడ భూతద్దం తీసి చూసి ఛీ అంటుంది, సీత చెయ్యి అయిపోయిందంటుంది, వదిలేస్తారు. గుడ్డ ఇంగ్లండుకి పోయిన రోజు నుంచీ అంట్ల మనిషితో కూడా హుషారుగా మాట్లాడింది.

జవాబు వచ్చింది. భాస్కర్ ఆ కాగితం తీసుకుని నరసాపురం నుంచి సైకిలు మోటారు మీద వచ్చాడు. ఇంగ్లండావిడకి గుడ్డ ఎంతో నచ్చిందట. ఇన్నాళ్ళకి అసలైన చెయ్యి కనిపించిందట. కొన్ని పువ్వుల్లో ఆ చెయ్యి అలసిపోవడం, కొన్నిట్లో తేరుకోవడం తెలుస్తోందట. వాళ్ళ స్నేహితురాళ్ళు ముగ్గురికి అలాంటివే కావాలట. ప్రతి గుడ్డా ఇలాగే ఉండాలట.

వీరభద్రం అది రెండుసార్లు చదివించుకుని, కొబ్బరినీళ్ళు తెప్పిస్తానని తానే బయటికి వెళ్ళాడు.

సీతారామలక్ష్మి చాలాసేపు ఫ్యాను వంక చూసింది. దుర్గ అల్లితే తప్పు, అదే తను అల్లితే అపురూపం. ఇంక ఎలా అల్లినా ఈ గది గుమ్మం దాటే దారి లేదు. బాగా అల్లితే సీత చెయ్యి, చెడగొట్టినా సీత చెయ్యే.

భాస్కర్ వారం ఫొటో కోసం కెమెరా తీశాడు. "చెయ్యి కొంచెం ఇటు పెట్టత్తా. వెలుతురు పడట్లేదు."

ఆమె చెయ్యి కదపలేదు. "ఏం చేత్తే ఆ పేజీలోంచి నా పేరు తీసేత్తార్రా?"

"తియ్యరు. మూడేళ్ళకి సంతకం పెట్టాం."

"పెట్టింది మీ మావయ్య."

"ఎవరు పెట్టినా పేరు నీదే కదత్తా."

"నేను అల్లనంటే?"

"అడ్వాన్సు తీసుకున్న ఆర్డర్లున్నాయి. మావయ్య తీసుకున్నాడు."

"ఇంకే దారీ లేదంటావు."

భాస్కర్‌కి విసుగొచ్చింది. ఎవరి మీదో వాడికే తెలియదు. "ఉందిలే, కాగితంలో రాశారు. అల్లే మనిషి పోతే, ఆవిడతో కలిసి పని చేసినోళ్ళు వాళ్ళ పేర్లతో అదే పేజీలో అమ్ముకోవచ్చంట. ఆవిడ జ్ఞాపకార్థం అని పైన వేస్తారంట," అని నవ్వాడు.

సీతారామలక్ష్మి నవ్వలేదు. "ఎంతమంది పేర్లైనా పెట్టొచ్చా?"

"పెట్టొచ్చనుకుంటా."

"పోయినట్టు కాగితమేదైనా అడుగుతారా?"

"ఏమడుగుతారు. ఇక్కడి నుంచి నేను మెయిల్ కొట్టడమే. అయినా నేనేదో ఊరికే అన్నానత్తా."

"మరి ఆ ఇంగ్లండావిడ?"

"ఏడుస్తుందేమో. పూలు పంపుతుందేమో. నాకేం తెలుసు."

"మీ మావయ్యకి ఇంగ్లీషు రాదు కదా."

భాస్కర్ కెమెరా కిందికి దించాడు. బయట వీధిలో మధ్యాహ్నం ఎండ. రత్తమ్మ అరుగు మీద ఎవరో ఏదో అన్నట్టున్నారు, దుర్గ నవ్వు ఇంత దూరం వచ్చింది. సీతారామలక్ష్మి అల్లుతున్న ముడి పూర్తి చేసి, దారం పంటితో కొరికి, సూది కొప్పులో గుచ్చుకుంది.

"నేను పోయానని రాసెయ్యరా భాస్కరూ," అంది. "రత్తమ్మొదిన పేరు ముందు రాయి, లేకపోతే ఊరుకోదు. దుర్గ పేరు రాయి. సువార్తమ్మ పేరు కూడా వాళ్ళతో సమానంగా అదే వరసలో రాయి. నాలుగోది మాణిక్యాంబని పెట్టు, మా అమ్మ పేరు, ఆ పేరు మీద నేనూ వాళ్ళ పక్కన కూచుని అల్లుకుంటాను. కంపెనీవోళ్ళు ఇక నలుగురి లేసే కావాలన్నారని మీ మావయ్యకి చెప్పు. అప్పుడు ఆయన కూడా అరుగు తలుపు తియ్యక తప్పదు, నలుగురి లేసు నాలుగు గోడల మధ్య అవదు కదా. ఇంకొక్క మాట. పోయిందని రాసేటప్పుడు పసుపు కుంకుమలతోనే పోయిందని రాయి. అది మాత్రం మర్చిపోకు."